అత్తగారి శాలువా

బెజవాడ ఎండల్లో ఊలు సూదులు పట్టుకు కూర్చున్న కోడల్ని చూస్తే ఏ అత్తగారికైనా నవ్వొస్తుంది. మా అత్తగారికీ వచ్చేది. "ఒంటిమీద చీరే బరువై చస్తుంటే ఈ కంబళ్ళు ఎవరికే అమ్మాయ్?" అనేవారు.

నిజమే మరి. నేను అల్లిక నేర్చుకున్నది ఇక్కడ కాదు, ఢిల్లీలో. మావారి ఉద్యోగరీత్యా 2009 నుంచి నాలుగేళ్ళు అక్కడున్నాం. చలికాలం మధ్యాహ్నాలు ఆడవాళ్ళంతా ఎండలో మంచాలు వాల్చుకుని, వేరుశెనక్కాయలు ఒలుచుకు తింటూ, చేతులవైపు చూడకుండానే స్వెట్టర్లు అల్లేసేవారు. పక్కింటి పంజాబీ ఆంటీ నా చేతికి రెండు సూదులిచ్చి, "సీధా, ఉల్టా... ఈ రెండూ వస్తే అన్నీ వచ్చినట్టే" అంది. అలా పట్టుబడ్డ విద్య బెజవాడ వచ్చాక అటకెక్కింది.

2022లో అత్తగారి కిడ్నీలు పనిచెయ్యడం మానేశాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారీ నాలుగు గంటలు. ఒంట్లోని రక్తం గొట్టాల గుండా బయటికొచ్చి, యంత్రంలో శుభ్రపడి మళ్ళీ లోపలికి వెళ్తుంది. ఆ దారిలో కాస్త చల్లబడుతుంది. దానికి తోడు రక్తహీనత, పైన ఏసీ. బయట రోహిణి కార్తె మండిపోతుంటే లోపల ఆవిడ గజగజ వణికేవారు.

ఇంటినుంచి దుప్పటి పట్టుకెళ్ళాను. కప్పగానే సిస్టరు వచ్చి ఎడమచేతి మీదనుంచి తీసేసింది. ఆ చేతికి ఫిస్టులా ఉంది. అంటే, సూదులు గుచ్చడానికి వీలుగా ఆపరేషన్ చేసి ధమనినీ సిరనూ కలిపారన్నమాట. ఆ చోటు ఎప్పుడూ కంటికి కనబడాలిట. సూది జారి రక్తం కారినా దుప్పటి కింద ఎవరికీ తెలియదు కదా! చెయ్యి బయటపెడితే భుజమంతా చలి. భుజం కప్పితే చెయ్యి మూతపడుతుంది. ఆవిడేమో పళ్ళు బిగబట్టి పైకప్పు చూస్తూ పడుకునేవారు. మాటకు మాట అప్పజెప్పే మనిషి అలా నోరుమూసుకుని పడుకోవడం నేను చూడలేకపోయాను.

ఆ రాత్రే అటకమీంచి ఊలు సంచీ దించాను. బాబు టోపీ అల్లగా మిగిలిన లేత నీలం, మావారి స్వెట్టరు తాలూకు కాఫీ రంగు, ఎందుకు కొన్నానో గుర్తులేని ముదురు పసుపు, గులాబీ... మొత్తం ఆరు రంగులు తేలాయి. ఏదీ ఒక్క శాలువాకు చాలదు. అన్నీ కలిస్తే చాలు. మాటిమాటికీ ఉతకాలి కనుక ఉన్ని జోలికి పోలేదు, అన్నీ యాక్రిలిక్కే.

డిజైను ఆంటీ నేర్పిందే, అలలు అలలుగా వచ్చేది. స్కాట్లాండుకు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో ఆడవాళ్ళు తరతరాలుగా ఇలాంటి శాలువాలు రంగురంగుల్లో అల్లుతున్నారు. అక్కడ దీన్ని 'ఓల్డ్ షేల్' అంటారు. చూడ్డానికి కష్టంగా ఉంటుందిగానీ నాలుగు వరసల ఆట. ఒక్కో అలకు 18 కుట్లు. మొదటి వరస సీధా, రెండోది ఉల్టా, నాలుగోది మళ్ళీ సీధా. కిటుకంతా మూడో వరసలోనే. రెండేసి కుట్లు కలిపి మూడుసార్లు అల్లాలి. తర్వాత ఊలు ఒక చుట్టు చుట్టి ఒక కుట్టు సీధా, ఇలా ఆరుసార్లు. మళ్ళీ రెండేసి కలిపి మూడుసార్లు. ఆరు కుట్లు తగ్గుతాయి, ఆరు పెరుగుతాయి, లెక్క సరిపోతుంది. నాలుగు వరసలకోసారి రంగు మార్చాను.

ఇక నేను చేసుకున్న మార్పులు. భుజాల నుంచి పాదాల దాకా రావాలని 12 అలలు, అంటే 216 కుట్లు పెట్టాను. అంచు చుట్టుకుపోకుండా ఇటూ అటూ ఐదేసి కుట్లు ప్రతి వరసా సీధాయే. మొత్తం 226. ఇంత బరువు మామూలు సూదులమీద నిలవదు, మణికట్లు లాగేస్తాయి. అందుకే మధ్యలో తీగ ఉండే 8 నంబరు సూది కొన్నాను.

అసలు మార్పు చెయ్యి కోసం. మోచెయ్యి వచ్చే ఎత్తులో, అంచునుంచి మూడో అల పూర్తయినచోట అల్లికను రెండుగా చీల్చాను. రెండు ఉండలు పెట్టుకుని రెండు ముక్కల్నీ 12 అంగుళాల మేర విడివిడిగా అల్లి, మళ్ళీ కలిపేశాను. మొదటిసారి చీలిక అంచులు వేలాడిపోయాయి. వారం రోజుల పని విప్పాల్సొచ్చింది. రెండోసారి చీలికకు రెండువైపులా మూడేసి కుట్లు కొత్తగా వేసుకుని, వాటిని సీధాయే అల్లి, కలిపేముందు మూసేశాను. అప్పుడు బిగువుగా నిలిచింది.

నాలుగు నెలలు పట్టింది. ఎక్కువ భాగం ఆ డయాలసిస్ గదిలోనే, ఆవిడ పక్కన కూర్చునే అల్లాను. కొన్నాళ్ళకి అత్తగారు పైకప్పు మానేసి నా సూదులవైపు చూడ్డం మొదలెట్టారు. "ఆ కాఫీ రంగు పక్కన పసుపు పెట్టు, గులాబీ కాదు" అని హుకుములు. నేను లెక్క తప్పితే ముందు పట్టుకునేది ఆవిడే!

శాలువా కప్పి, చీలికలోంచి చెయ్యి బయటికి తీసి పెట్టినరోజు సిస్టరు వచ్చి చూసి, తలూపి వెళ్ళిపోయింది. అత్తగారు ఆ రోజు నిద్రపోయారు.

2024లో ఆ ఫిస్టులా మూసుకుపోయింది. కొన్నాళ్ళు మెడదగ్గర గొట్టంతో నెట్టుకొచ్చాక కుడిచేతికి కొత్తది చేశారు. నేను గుండె రాయి చేసుకుని, "మళ్ళీ ఒకటి అల్లుతాలెండి అత్తయ్యగారూ" అన్నాను. ఆవిడ నాకేసి జాలిగా చూశారు. "తిరగేసి కప్పవే పిచ్చిదానా!"

తిరగేశాను. చీలిక సరిగ్గా కుడిచేతి దగ్గరికొచ్చింది. వెనకవైపు రంగులు మారేచోట చిన్నచిన్న చుక్కలు పడతాయి. కొసలన్నీ జాగ్రత్తగా దాచాను కనుక బయటపడ్డాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి అవసరం ఉంటే ముందు సిస్టర్ని అడిగి, ఏ చెయ్యి, ఎంత ఎత్తులో ఖాళీ కావాలో పడుకున్న భంగిమలోనే కొలత తీసుకోండి. నిలబడి తీస్తే తేడా వస్తుంది. ఒక్కో అల చివర వేరే రంగు దారం ముడేసుకుంటే లెక్క తప్పదు. రక్తం మరక పడితే వెంటనే చన్నీళ్ళలోనే నానబెట్టండి.

అన్నట్టు, కాఫీ రంగు పక్కన పసుపే బావుంది. ఆ మాట ఆవిడతో ఇంకా అనలేదు.