గోలు ముందు రజని

పిల్లలూ! హాకీ ఆటలో గోలు వెడల్పు 12 అడుగులు, ఎత్తు 7 అడుగులు. దాన్ని కాచేది ఒక్కరే. రాయిలాంటి బంతి గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగంతో కూడా దూసుకు వస్తుంది. తక్కినవాళ్ళు తప్పుకునే చోట గోల్‌కీపరు ఎదురు నిలవాలి.

అలా నిలిచిన వారిలో మన రాయలసీమ పిల్ల ఒకతె ఉంది. ఆమె పేరు ఎతిమరపు రజని. 1990లో చిత్తూరు జిల్లా పల్లెటూళ్ళో, ఒక వడ్రంగి ఇంట పుట్టింది.

భారత జట్టుకు చాలా ఏళ్ళు ముఖ్య గోల్‌కీపరు సవిత. రజనిది రెండవ స్థానం. రెండవ స్థానంలో ఉన్నవారికి చప్పట్లు తక్కువ. సాధన మాత్రం సమానం. పిలుపు ఎప్పుడు వచ్చినా సిద్ధంగా ఉండాలి. రజని విసుగుతో ఆట మానలేదు. 2017లో ఆసియా కప్పు గెలిచిన జట్టులోనూ, 2022 కామన్‌వెల్త్ క్రీడలలో కంచు పతకం తెచ్చిన జట్టులోనూ ఆమె ఉంది.

2024 జనవరిలో, ఒక్కో పక్క ఐదుగురే ఆడే హాకీకి మస్కట్‌లో మొదటి ప్రపంచ కప్పు జరిగింది. భారత మహిళల జట్టుకు నాయకురాలు రజనే! జట్టు ఫైనలు దాకా వెళ్ళింది. అక్కడ నెదర్లాండ్స్ 7-2తో గెలిచింది. మనకు రెండవ స్థానం దక్కింది.

గోలు పడినప్పుడల్లా దాన్ని మరిచి, మళ్ళీ వంగి నిలబడటమే గోల్‌కీపరు పని. లెక్క తప్పిన పిల్లవాడు పలక తుడిచి మళ్ళీ మొదలు పెట్టడమూ అటువంటిదే. మన ఎర్రగుంట్ల నాపరాయికి ఉన్న గట్టితనం మనసుకూ ఉండాలి.