చీలమండ దగ్గర నరాన్ని చూపిన ధ్వని

మధుమేహంతో పాడైన కాలివేలు తీసేయాలి. రోగి గుండె బలహీనం, పూర్తి మత్తు తట్టుకోలేదు. అలాంటప్పుడు పాదానికే మత్తు ఇచ్చే దారి ఒకటుంది. పాదానికి స్పర్శనిచ్చే ఐదు నరాలూ చీలమండ దాటే కిందికి దిగుతాయి. అక్కడ మందు పెడితే చాలు.

దశాబ్దాలుగా వాటిని వేళ్లతోనే వెతికారు. అరికాలికి ముఖ్యమైన టిబియల్ నరం కోసం లోపలివైపు ఎముక వెనక ధమని కొట్టుకోవడం పట్టుకుని, దాని వెనకగా సూది దించుతారు. నీరు పట్టిన పాదంలో, పూడుకుపోయిన ధమనిలో ఆ కొట్టుకోవడమే వేలికి అందదు. ఈ మత్తు ఎక్కువగా కావలసింది ఆ పాదాలకే!

వేలికి అందని నరాన్ని కంటికి చూపే ధ్వని కథ స్ఫటికాలతో మొదలైంది. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో పారిస్‌లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో పాల్ లాంజెవాన్ అదే స్ఫటికాలతో నీటిలోకి ధ్వని పంపి, జలాంతర్గాముల ప్రతిధ్వని పట్టాడు. 1958లో గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం ఆ ప్రతిధ్వనులతోనే కడుపులోని గడ్డలను చూపింది. మత్తు డాక్టర్లకు మాత్రం ఇది ఆలస్యంగా అందింది. 1994లో వియన్నాలో స్టెఫాన్ కాప్రాల్ బృందం తెరమీద చూస్తూ చేతి నరాలకు మందు ఇచ్చింది. 1884లో కార్ల్ కొల్లర్ కొకైన్ చుక్కలతో కంటికి స్పర్శ లేకుండా చేసిన నగరం కూడా అదే.

ధ్వని పౌనఃపున్యం పెరిగేకొద్దీ బొమ్మ స్పష్టమవుతుంది, లోతు తగ్గుతుంది. చీలమండ నరాలు పైపైనే ఉంటాయి కాబట్టి 10 మెగాహెర్ట్జ్ దాటిన ధ్వని వాడుకోవచ్చు. తెరమీద ధమని పక్కనే టిబియల్ నరం తేనెపట్టులా కనబడుతుంది. సూది మొన ఎక్కడుందో, మందు నల్లగా నరాన్ని ఎలా చుట్టుకుంటోందో కూడా తెలుస్తుంది.

2009లో ఆరోగ్యవంతులైన వాలంటీర్లపై ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూశారు. అరగంటకు టిబియల్ నరం పూర్తిగా మొద్దుబారినవారు స్కానింగ్‌తో 72 శాతం, వేలితో గుర్తులు పట్టే పద్ధతిలో 22 శాతం. పాదం పైభాగంలోని డీప్ పెరోనియల్ నరం విషయంలో అంత తేడా కనబడలేదు. చర్మం కిందే ఉండే మిగతా నరాలకైతే అక్కడ చర్మం కింద వరుసగా మందు ఎక్కించడం చాలాసార్లు సరిపోతుంది. అందుకే యంత్రం ఉన్నచోట దాన్ని ముందు టిబియల్ నరానికే వాడాలని నేను గట్టిగా నమ్ముతాను.

మన దేశంలో ఇంకో సంగతి ఉంది. గర్భంలో ఆడపిల్లలను చంపుకోకుండా అడ్డుకోవడానికి 1994లోనే లింగనిర్ధారణ నిషేధ చట్టం వచ్చింది. దాని కింద మత్తు డాక్టరు వాడే స్కానింగ్ యంత్రాన్నీ నమోదు చేయించాలి. ఇష్టం వచ్చిన ఆసుపత్రికి చంకన పెట్టుకుని పోవడానికి వీల్లేదు. ఆ కట్టడి అవసరమైనదే. అయితే యంత్రం అన్నిచోట్లా చేతికందదు కాబట్టి ఇక్కడ శిక్షణ పొందే ప్రతి డాక్టరూ తెరతోపాటు ధమనిని వేలితో పట్టడం కూడా నేర్చుకోవాలి.