గూగుల్ లేకుండా జొన్నాడను వెతకండి!

సెర్చ్ బాక్సు, వికీపీడియా, ఏఐ చాట్... మూడూ బంద్. ఫోన్ ఉంటుంది, నెట్ ఉంటుంది. సొంత ఊరి గురించి అయిదు ప్రశ్నలకు జవాబులు ఆధారంతో సహా తేవాలి. హైస్కూలు పిల్లలకు ఇలాంటి పోటీ పెడితే ఏం నేర్చుకుంటారు? చాలానే!

ఫోన్లో ‘జొన్నాడ’ అని కొడితే విజయనగరం జిల్లా డెంకాడ మండలంలోని జొన్నాడ, అక్కడి ఇంజినీరింగ్ కాలేజీ కూడా ఫలితాల్లోకి వచ్చేస్తాయి. మనకు కావలసింది ఆలమూరు మండలం జొన్నాడ. రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చే జాతీయ రహదారి గోదావరి పాయ గౌతమిని దాటి రావులపాలెంలో అడుగుపెట్టే ముందు తగిలే ఊరు. రెండు ఊళ్ల సంగతులూ ఒకే తెరమీద కలిసిపోతే ఏది ఎవరిదో తేల్చుకోవలసింది పిల్లవాడే. అందుకు కావలసిన తెలివిని మాత్రం సెర్చ్ బాక్సు నేర్పదు. జవాబు చేతిలో పెడుతుంది కానీ, ‘ఈ సంగతి మొదట ఎవరు రాసిపెట్టారు?’ అన్న ప్రశ్న పుట్టనివ్వదు. వెతకడమంటే అసలు ఆ ప్రశ్న వేసుకోవడమే. ఆ అలవాటు అబ్బాలంటే అప్పుడప్పుడూ ఆ పెట్టెను మూసేయాలి.

ఈ ఆట గూగుల్ కన్నా పాతది
గూగుల్ పుట్టింది 1998లో. అంతకు ఆరేళ్ల ముందే, 1992లో, అమెరికాలో గ్రంథాలయ రంగానికి చెందిన రిక్ గేట్స్ ‘ఇంటర్నెట్ హంట్’ పేరుతో నెలనెలా ఓ పోటీ మొదలుపెట్టాడు. జవాబులు ఇంటర్నెట్ నుంచే రావాలి, ఏ దారిన వెళ్లి పట్టుకున్నారో కూడా చెప్పాలి. అప్పటికి ఉన్న సాధనాలు కొన్నే. మాంట్రియల్ మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అలన్ ఎంటేజ్ 1990లో తయారుచేసిన ‘ఆర్చీ’ ఫైళ్ల పేర్లు మాత్రమే వెతికేది. మినెసోటా విశ్వవిద్యాలయం 1991లో తెచ్చిన ‘గోఫర్’లో ఒక జాబితా తెరిస్తే ఇంకో జాబితా వచ్చేది. కాబట్టి ఏ సంస్థ ఏ సమాచారం దాచుకుంటుందో ఊహించగలిగినవాళ్లదే అక్కడ పైచేయి. ఆ మాటకొస్తే గూగుల్ కూడా 2011లో ‘ఎ గూగుల్ ఎ డే’ అనే రోజువారీ ప్రశ్నల ఆట పెట్టినప్పుడు, ఆట మొదలవకముందు నాటి ఇంటర్నెట్‌లోనే వెతికే ప్రత్యేక ఏర్పాటు చేయాల్సి వచ్చింది. లేకపోతే అప్పటికే ఎవరో నెట్‌లో పెట్టిన జవాబులు బయటపడి ఆట చెడిపోతుంది. దొరికిన జవాబును ఎత్తి రాయడం వేరు, వెతికి పట్టుకోవడం వేరని వాళ్లకూ తెలుసు.

మూడు ప్రశ్నలు, ఎన్నో గుమ్మాలు
ఇదే ఆటను జొన్నాడలో ఆడించి చూద్దాం. మొదటి ప్రశ్న: జొన్నాడ కోనసీమలో ఉందా? సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో ఇచ్చే పటం తెరిస్తే లేదంటుంది. గౌతమికీ వశిష్ఠకూ నడుమ ఉన్న లంకసీమే కోనసీమ. జొన్నాడ గౌతమికి ఎడమ గట్టున ఉంది, ఇరిగేషన్ లెక్కలో తూర్పు డెల్టా. జిల్లా వెబ్‌సైట్‌కు వెళితే ఉందంటుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఆలమూరు మండలం కోనసీమలో కలిసింది. రెండు జవాబులూ నిజమే. నదిని అడిగితే ఒకటి, ప్రభుత్వాన్ని అడిగితే ఇంకొకటి. సెర్చ్ పెట్టె అయితే ‘ఉంది’ అని ఒక్క ముక్కలో తేల్చేసి ఊరుకుంటుంది.

రెండో ప్రశ్న: 2011 లెక్కల ప్రకారం ఊరి జనాభా ఎంత? కోనసీమ జిల్లా పేరుతో ఆ ఏటి జనగణన పుస్తకాలు ఎంత తిరగేసినా ప్రయోజనం లేదు. అప్పటికి ఆ జిల్లాయే లేదు. తూర్పు గోదావరి జిల్లా పుస్తకంలో ఆలమూరు మండలం కింద చూడాలి. ఇంకా వెనక్కి, 1907లో హెమింగ్‌వే కూర్చిన గెజిటీర్‌కో, 1878లో హెన్రీ మోరిస్ రాసిన జిల్లా చరిత్రకో వెళితే ఈ సీమ అంతా గోదావరి జిల్లా. తూర్పు గోదావరి అన్న పేరు 1925లో కానీ రాలేదు. ఏ ఏడాది కాగితంలో ఊరు ఏ పేరు కింద నమోదైందో తెలియనివాడికి, ఎదురుగా ఉన్న ఆధారం కూడా కనబడదు.

మూడో ప్రశ్న ప్రాణాలకు సంబంధించింది. గోదావరి పొంగితే జొన్నాడ ఏ హెచ్చరికను పట్టించుకోవాలి? వానాకాలంలో టీవీల్లో, ఫోన్లలో మారుమోగే అంకెలు 43, 48, 53 అడుగులు. అవి భద్రాచలానివి. జొన్నాడ ఉన్నది ధవళేశ్వరానికి దిగువన. అక్కడి బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు ఇస్తారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటిందన్న వార్తను, ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక నడుస్తోందన్న వార్తను పక్కపక్కన చదివి తికమకపడకుండా ఉండాలంటే ఏ అంకె ఎక్కడి కొలబద్ద మీదదో తెలియాలి. దాన్ని జలవనరుల శాఖ బులెటిన్‌లో చూసి రాసుకున్న పిల్లవాడు ఇంట్లో పెద్దవాళ్లకు కూడా సరిగ్గా చెప్పగలడు.

‘ఇదంతా ఎందుకండీ?’
నాలుగు సెకన్లలో వచ్చేదానికి నాలుగు గంటలు పాడుచేయడం దేనికని అడిగేవాళ్లుంటారు. నిజమే, రోజూ చేయాల్సిన పని కాదిది. క్యాలిక్యులేటర్ ఉందని ఎక్కాలు మానేయలేదు కదా, ఇదీ అంతే. ఎక్కాలు వచ్చినవాడికే క్యాలిక్యులేటర్ తప్పు అంకె చూపించినప్పుడు అనుమానం వస్తుంది. ఏఐ వచ్చాక ఆ అవసరం ఇంకా పెరిగింది. అది తప్పునూ ఒప్పునూ ఒకే ధీమాతో చెబుతుంది, ఎక్కడి నుంచి తెచ్చిందో చాలాసార్లు చెప్పదు.

ఇవన్నీ బిట్ ప్రశ్నలు, వీటివల్ల ఒరిగేదేమిటి అన్నది ఇంకో అభ్యంతరం. జవాబుల వల్ల ఒరిగేది తక్కువే కావచ్చు, దారి వల్ల ఒరిగేది ఎక్కువ. ఏపీపీఎస్సీ పరీక్ష రాసినవాళ్లను అడగండి. ప్రాథమిక కీ మీద అభ్యంతరం చెప్పాలంటే ఆధారం చూపించాలి. ‘నెట్‌లో చూశాను’ అంటే కుదరదు. భూమి తగాదాలోనూ అంతే. ప్రభుత్వ ‘మీభూమి’ పోర్టల్‌లో అడంగల్ ఏం చెబుతోందో చూడటం వచ్చినవాడి మాటే నిలుస్తుంది.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మూడోది. పల్లెటూరి బడిలో ఇవన్నీ ఎలా సాధ్యం? ప్రభుత్వ సైట్లు సగం రోజులు తెరుచుకోవు, గెజిటీర్లు ఇంగ్లిషులో ఉంటాయి, పాత తెలుగు పుస్తకాలేమో స్కాన్ చేసిన బొమ్మలు. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. అయితే సెర్చ్ బాక్సును నమ్ముకుంటే చాలదని రుజువు చేసేవీ ఇవే. బొమ్మగా ఉన్న తెలుగు పేజీలోని అక్షరాన్ని సెర్చ్ చాలాసార్లు చదవలేదు. ఆ పుస్తకం ఉందని ముందే తెలిసినవాడే దాన్ని తెరుస్తాడు. ఇంగ్లిషు దగ్గర మాస్టారు పక్కన కూర్చోవాల్సిందే. సైటు తెరుచుకోకపోతే ఊళ్లో కాగితం ఉంటుంది, సచివాలయం ఉంటుంది, గ్రంథాలయం ఉంటుంది. 2022 మే నెలలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగిపోతే, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ కోసం జిల్లా దాటి వెళ్లాల్సి వచ్చింది. ఒకే గుమ్మాన్ని నమ్ముకుంటే అది మూసుకున్న రోజున గతి అదే.

తెలుగువాళ్లకు ఈ వెతుకులాట కొత్త కాదు. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టి మూడు సంపుటాలు తెచ్చినా ‘అ’కారం దాటకుండానే 1923లో కన్నుమూశారు. గ్రంథాలయోద్యమానికి పితామహుడనిపించుకున్న అయ్యంకి వెంకటరమణయ్య పుట్టింది ఈ గోదావరి సీమలోని కొంకుదురులోనే. ఆ ఉద్యమం ఫలితమే గ్రంథాలయ చట్టం. దాని కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఇప్పటికీ కడుతున్నాం. కట్టిన డబ్బుకు పని అడగడం మన హక్కు.

ఖర్చు కూడా ఏమంత కాదు. ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు 2022 చివర్లో ట్యాబులు అందాయి. ఇప్పుడు దాదాపు ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది. నవంబరు 14 నుంచి 20 వరకు ఏటా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వం పోటీలతో పాటు ఈసారి ఇదీ పెట్టండి. ఊరి మీద అయిదు ప్రశ్నలు, సెర్చ్ బంద్. జవాబుకు ఒక మార్కు, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎక్కడ రాసిపెట్టారో చెప్పినందుకు నాలుగు. మాస్టార్లూ, పంతులమ్మలూ... ప్రశ్నపత్రం మీరు తయారుచేయండి, వెతకడం పిల్లలకు వదిలేయండి.