కొండదారిలో కిల్టు

స్కాట్లండు పురుషులు ధరించు కిల్టు మనలో చాలమందికి సైనిక వాద్యబృందముల మూలముననే పరిచితము. గళ్ళ ఉన్నిబట్ట, వెనుకవైపు దట్టమైన కుచ్చెళ్ళు, ముందు వ్రేలాడు తోలుసంచి, మోకాళ్ళ దాక మేజోళ్ళు. ఇదియంతయు కవాతు కొఱకో, పెండ్లివేడుక కొఱకో పుట్టిన అలంకారమని తోచును. కాని దాని మూలరూపము నడక కొఱకు పుట్టినది. కొండలు, వాగులు, బురదనేలలు, ఎడతెగని వానలు గల సీమలో పగలంతయు నడచి, రాత్రి ఆరుబయట పరుండవలసిన వాని కట్టు అది. నేటికిని కిల్టు కట్టుకొని ఆ కొండలెక్కువారు గలరు. వారిది వట్టి వేషాభిమానమా, లేక ఆ కట్టులో నిజముగా ప్రయోజనమున్నదా అనునదియే ఇచట విచారింపదగిన ప్రశ్న.

పదునారవ శతాబ్దాంతము నుండి హైలాండు అనబడు ఉత్తర పర్వతసీమలో వాడుకయందున్నది నేటి కిల్టు కాదు. గేలిక్ భాషలో దానిని 'ఫేలె మోర్' అనిరి. పెద్ద చుట్టుబట్ట అని అర్థము. అది నాలుగైదు గజముల పొడవును, దాదాపు 5 అడుగుల వెడల్పును గల ఒక్క ఉన్నిదుప్పటి. క్రింది సగమును కుచ్చెళ్ళు పోసి నడుమునకు తోలుపటకాతో బిగించి, పై సగమును భుజముమీద వేసికొనెడివారు. వాన వచ్చినచో దానిని తలపైకి లాగుకొనవచ్చును. చేతులతో పని పడినచో వెనుకకు త్రోసివేయవచ్చును. రాత్రి పటకా విప్పినచో అదియే పడక. మన గొఱ్ఱెలకాపరి గొంగళిని ఎఱిగినవారికి ఇందులో వింత యేమియు తోచదు. గొంగళి పైకప్పు మాత్రమే. ఇది పైకప్పును పంచెయును కూడ. కిల్టు అను మాట స్కాండినేవియా భాషల నుండి వచ్చినది. దాని మూలార్థము 'ఎగగట్టుట'. మడిలో దిగు రైతు పంచె ఎగగట్టుటకును, ఆ మాటకును భావభేదము లేదు.

ఎడ్మండ్ బర్ట్ అను ఆంగ్లేయుడు ఆ సీమనుండి వ్రాసిన లేఖలు 1754లో అచ్చయినవి. అందులో ఒక విచిత్రమైన సంగతి కలదు. గాలియు చలియు గల రాత్రి బయట పరుండవలసివచ్చినపుడు హైలాండువారు తమ దుప్పటిని వాగులో ముంచి, తడిబట్టనే చుట్టుకొని నిద్రించెడివారట! దీనికి కారణము లేకపోలేదు. తడిసిన ఉన్నిపోగు ఉబ్బును, నేతలోని సందులు మూసికొనును, గాలి చొరదు. అంతేకాదు, ఉన్ని తన బరువులో మూడవవంతు దాక తేమను పోగులోపల దాచుకొనగలదు. అంత తేమ పీల్చినను ముట్టుకొన్నపుడు తడి అంతగా తెలియదు. పైగా గాలిలోని తేమను పీల్చుకొనునపుడు కొంత వేడిని కూడ విడుచును. నూలుబట్ట ఇందుకు విరుద్ధము. తడిసినచో చర్మమునకు అంటుకొని శరీరపు వేడిని లాగివేయును. చల్లని కొండలమీద నూలు లాగుతో తిరుగువారు ప్రమాదమున చిక్కుటకు ఇదియొక కారణము. బర్ట్ చెప్పిన పద్ధతిని మాత్రము ఎవరును పరీక్షింప పూనుకొనరాదు. అది బాల్యము నుండి ఆ చలికి అలవాటుపడిన దేహములకు చెల్లినది.

పదునెనిమిదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో పై సగము తొలగి, నడుము నుండి మోకాలి దాక మాత్రమే ఉండు చిన్న కిల్టు వాడుకలోనికి వచ్చెను. ఇనుపకొలిమి నడిపిన థామస్ రాలిన్సన్ అను ఆంగ్లేయుడు తన పనివాండ్ర సౌకర్యము కొఱకు దీనిని కల్పించెనని ఒక కథ కలదు. ఆ కీర్తి ఆంగ్లేయునికి దక్కుట స్కాట్లండువారికి రుచింపదు. వాదము నేటికిని తెగలేదు.

1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ యుద్ధమున హైలాండు తిరుగుబాటుదారులు ఓడిపోయిరి. ఆ సంవత్సరమే బ్రిటిషు పార్లమెంటు హైలాండు దుస్తులను నిషేధించుచు శాసనము చేసెను. మొదటి తప్పునకు ఆరు నెలల చెర; రెండవ తప్పునకు ఏడేండ్ల ద్వీపాంతరము. సైనికులకు మాత్రము ఈ నిషేధము వర్తింపలేదు. 1782లో శాసనము రద్దగునాటికి ఒక తరము గడచిపోయినది. పసులకాపరియు, వేటగాడును లాగులకు అలవాటుపడిరి. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరో నగరమునకు వచ్చినపుడు వాల్టర్ స్కాట్ జరిపించిన సంబరములలో కిల్టు దర్బారు దుస్తుగా వెలసినది. ఆ విధముగా కొండమీది బట్ట సిపాయికిని, జమీందారునకును దక్కి, కొండవానికి దూరమయ్యెను. నేడు దానిని మరల కొండకు తీసికొనిపోవువారు ఎఱిగియో ఎఱుగకయో ఆ తెగిన పోగును ముడివేయుచున్నారని నేను తలంతును.

వారిలో మొదట చెప్పదగినవాడు హ్యూ మన్రో. స్కాట్లండులో 3,000 అడుగులు మించిన శిఖరముల పట్టికను 1891లో ప్రకటించినది ఈయనయే. ఆ శిఖరములను నేటికిని 'మన్రో'లనియే పిలుతురు. ఇప్పటి లెక్కకు అవి 282. కిల్టు ధరించియున్న ఆయన ఛాయాచిత్రము ప్రసిద్ధము. పట్టిక కూర్చిన ఆ మహానుభావుడు 1919లో మరణించునాటికి అన్ని శిఖరములను ఎక్కజాలకపోయెను.

ఇక ప్రయోజనములు. కాలు చాచి ఎత్తైన రాతిమీద మోపునపుడు లాగు మోకాలివద్ద పట్టును, కిల్టు పట్టదు. ఎక్కుడులో తొడలనుండి వెలువడు వేడి తేలికగా బయటికి పోవును. అడుగడుగున వాగులు దాటవలసిన ఆ సీమలో తడిసినది చర్మమే గనుక కొద్ది నిమిషములలో ఆరిపోవును. వెనుక కుచ్చెళ్ళు పొరలు పొరలుగా గాలిని నిలిపి నడుమును వెచ్చగా ఉంచును. చల్లని రాతిమీద కూర్చుండినపుడు అవియే మెత్తయగును. గాలికి ఎగురునని భయపడువారు దాని బరువు ఎఱుగరు. 8 గజముల కిల్టనగా వెడల్పైన బట్టలో 4 గజములు. గజము 16 ఔన్సులు తూగు బట్టయైనచో మొత్తము 4 పౌనులు, అనగా 1.8 కిలోగ్రాములు. ఈ బరువే దాని దోషము కూడ. అందుచేత దూరము నడచువారు 5 గజములతో కుట్టిన తేలిక కిల్టును కోరుదురు. 2000 సంవత్సరమున అమెరికాలోని సియాటిల్ నగరమున ముతక నూలుబట్టతో జేబులు గల కిల్టులు కుట్టి అమ్మసాగిరి. పనివారికి అవి బాగుగనే ఉన్నవి. తడికొండకు మాత్రము ఉన్నియే మేలు.

అంచు విషయమున జాగ్రత్త అవసరము. మొదటి ప్రపంచయుద్ధమున హైలాండు సైనికుల కిల్టు అంచులు బురదలో నాని, గడ్డకట్టి, మోకాళ్ళ వెనుక చర్మమును కోసెను. కుచ్చెళ్ళలో పేలు కాపురముండెను. రెండవ యుద్ధారంభమున కిల్టును యుద్ధభూమి దుస్తుగా మానిపించుట అన్యాయమని చెప్పలేము. కొండ నడకకు అంచు మోకాలి చిప్ప పైభాగమున ఆగవలెను. తొడలు ఒరసికొనకుండ లోపల బిగుతైన పొట్టి చల్లడము వేసికొనవలెను. ముందరి తోలుసంచి ప్రతి అడుగునకు కొట్టుకొనును గనుక ఇంటనే విడుచుట మంచిది. వీపుసంచి నడికట్టు కిల్టు పటకామీద పడి నొక్కకుండ కొంచెము పైకి కట్టవలెను.

గ్లాస్గో దాపున మిల్గై నుండి ఫోర్ట్ విలియం దాక 154 కిలోమీటర్ల పశ్చిమ హైలాండు కాలిబాట 1980లో తెరవబడినది. దాని చివర నిలుచునది 1,345 మీటర్ల బెన్ నెవిస్. క్రింద వేసవి వెచ్చదనమున్నను, శిఖరమున సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత సున్న డిగ్రీల దాపుననే యుండును. అట్టి చోటికి కిల్టుతో పోవువాడు లోపల తొడుగుకొనుటకు ఉన్ని కాలితొడుగులు సంచిలో ఉంచుకొనవలెను. మంచుకాలమున లాగే తగినది. అప్పుడు కిల్టుకై పంతము పట్టుట తెలివితక్కువ.

వేసవిలో శత్రువులు వేఱు. మే మొదలు సెప్టెంబరు దాక, గాలి లేని సాయంకాలములందు మిడ్జి అను చిఱుకీటకములు మేఘమువలె క్రమ్మి కుట్టును. వాటి బాధ బాధయే గాని ప్రాణాపాయము లేదు. పొదలలోని పిడుదులు అట్టివి కావు. కొన్ని లైమ్ వ్యాధిని అంటించును. మేజోళ్ళు ఎత్తుగా లాగుకొని నడచినను, బస చేరిన వెంటనే మోకాళ్ళ వెనుకను తొడలను వెదకవలెను. పిడుదు కనబడినచో నలుపక, సన్నని పట్టకారుతో చర్మమునకు ఆనించి పట్టి తిన్నగా పైకి లాగవలెను. తరువాతి దినములలో అచట ఎఱ్ఱని వలయము వ్యాపించినచో ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.