మీకు తెలుసా? గుంటల లెక్క ఒక్కచోట రాస్తే చాలు

తెలంగాణలోని తల్లాడ పొలాల పహాణీలో విస్తీర్ణం 1.25 అని ఉంటే అది ఎకరంపావు కాదు, ఎకరం 25 గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అలాంటి రెండు కమతాలు కలిపితే వచ్చేది 2.50 కాదు, 3.10. ఆంధ్ర సరిహద్దు దాటితే లెక్క సెంట్లలోకి మారుతుంది. అక్కడ ఎకరానికి వంద.

ఇలాంటి రికార్డులతో పనిచేసే ప్రోగ్రాముల్లో ఈ మార్పిడి కోడ్ పదిచోట్ల కనబడుతుంది. ఒకచోట మరిచిపోయినా రైతు భూమి కాగితం మీద తగ్గిపోతుంది. చిన్న విషయం కాదిది.

1987లో ల్యారీ వాల్ విడుదల చేసిన పెర్ల్ భాషలో దీనికి చక్కటి దారి ఉంది. టిమ్ బన్స్ రూపొందించిన డీబీఐ మాడ్యూల్‌తో ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్ వంటి వేర్వేరు డేటాబేస్‌లను ఒకే తీరు ఆదేశాలతో నడపవచ్చు. అందులోని ‘ఫెచ్‌రో హ్యాష్‌రెఫ్’ ప్రతి గడినీ వరుస సంఖ్యతో కాకుండా పేరుతో అందిస్తుంది. రేపు మధ్యలో కొత్త గడి చేరినా, పట్టాదారు పేరు ఉండాల్సిన చోటికి సర్వే నంబరు రాదు.

దానిపై కట్టిన డీబీఐఎక్స్ క్లాస్ ఇంకా ముందుకెళ్లింది. పట్టికకో క్లాస్ ఉంటుంది. గుంటల మార్పిడి అందులో ఒక్కసారి రాస్తే, చదివేటప్పుడూ దాచేటప్పుడూ అదే వర్తిస్తుంది. ఈ క్లాసులను కూడా చేత్తో రాయనక్కర్లేదు. స్కీమా లోడర్ అనే తోడు మాడ్యూల్ డేటాబేస్‌ను చదివి తానే తయారుచేస్తుంది. రికార్డు సవరించినప్పుడు, డీబీఐఎక్స్ క్లాస్ మారిన గడులను మాత్రమే తిరిగి రాస్తుంది.