బరువైన గుండు - దూరపు గురి

ఆబిడ్స్‌లో పని చూసుకుని బషీర్‌బాగ్ వైపు పోయేవారు గన్‌ఫౌండ్రీ దాటకుండా పోలేరు. కాని ఆ పేటకు ఆ పేరు ఎలా వచ్చిందని ఆగి అడిగేవారు తక్కువ. రెండో నిజాం కొలువులో రేమండ్ అనే ఫ్రెంచి సేనాని వుండేవాడు. మూసారాంబాగ్‌కు పేరిచ్చిన 'మూసా రాము' ఈయనే. 18వ శతాబ్దం చివర ఈయన అక్కడ ఫిరంగులూ, ఫిరంగి గుండ్లూ పోతపోసే కార్ఖానా పెట్టించాడు. జనం దాన్ని 'తోప్ కా సాంచా' అన్నారు.

ఆ కార్ఖానా నాటికి గుండు అంటే గుండ్రంగా వుండేదే. గుండ్రని గుండుకు బరువు పెంచాలంటే లావు పెంచాలి. లావు పెంచితే ఫిరంగి నోరూ పెంచాలి. ఈనాటి రైఫిలు గుండు అలా కాదు. అది కోసుగా, పొడుగ్గా వుంటుంది. గొట్టం లావు మార్చకుండానే గుండు పొడుగు పెంచి బరువు పెంచవచ్చు. చిక్కంతా అక్కడే వచ్చింది. వెయ్యి గజాల దూరాన గురిపెట్టే మాగ్నం రైఫిలులో ఎంత బరువు గుండు వేయాలి? బరువెక్కినకొద్దీ మంచిదేనా?

"మన ఇంట్లో తుపాకి లేదు, ఈ గొడవ మనకెందుకు?" అని మీరు అనవచ్చు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లో లండన్ ఒలింపిక్సు నుంచి కంచు పతకం తెచ్చాడు. ఆ పతకం సంగతి విన్న పిల్లవాడో పిల్లో రేపు మీ ఇంట్లోనే "నేనూ రైఫిలు నేర్చుకుంటాను" అనవచ్చు. అప్పుడు డబ్బు పెట్టవలసినవారు మీరు. కనుక ఈ విద్యలోని ఒక రహస్యం తెలిసివుండటం మంచిది.

తులాల లెక్క

గుండు బరువును ప్రపంచమంతటా గ్రెయిన్లలో చెబుతారు. ఈ కొలత మనకు కొత్తది కాదు సుమా! మన కంసాలి గురివింద గింజతో బంగారం తూచినట్టే, ఆ దేశాలవారు ఒకప్పుడు ధాన్యపు గింజతో తూచారు. ఒక గురివింద గింజ సుమారు రెండు గ్రెయిన్లు తూగుతుంది. పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. ఈ లెక్క పట్టుకుంటే గుండ్ల బరువులు ఇల్లాళ్ళకే తేలిగ్గా బోధపడతాయి.

ఒలింపిక్సులో 50 మీటర్ల పోటీకి వాడే .22 రైఫిలు గుండు 40 గ్రెయిన్లు, అంటే తులంలో పావు కూడా లేదు. .300 మాగ్నం రైఫిలులో తేలిక రకం 150 గ్రెయిన్లు వుంటుంది. అది తులానికి ఆరోవంతు తక్కువ. బరువు రకాలు 190 మొదలు 230 గ్రెయిన్ల దాకా వుంటాయి. అంటే తులం దాటి తులంపావు పైచిలుకు వరకూ అన్నమాట. ఇంకా పెద్దదైన .338 మాగ్నంలో 300 గ్రెయిన్ల గుండ్లు కూడా వేస్తారు. అది తులమున్నర దాటిన బరువు.

ఆబిడ్స్ నుంచి నాంపల్లికి

వెయ్యి గజాలంటే 914 మీటర్లు. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర నిలబడి, 1907 లో కట్టిన నాంపల్లి రైలు స్టేషను వైపు చూస్తున్నామనుకోండి. మధ్యనున్న మేడలనూ, మనుషులనూ మనసులోనే తొలగించండి. ఇంచుమించు ఆ స్టేషనున్నంత దూరంలో ఒక గురికాగితం నిలిపారు. అమెరికా పద్ధతిలో అయితే పది మార్కులిచ్చే వలయం అడ్డకొలత 20 అంగుళాలు. మన ఇళ్ళలో చెరిగే చేటంత. అంతదూరం నుంచి ఆ చేటను కొట్టాలి.

గుండు అక్కడికి చేరడానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. ఈలోగా భూమి ఊరుకోదు. గొట్టం చూసిన సూటిగీత నుంచి ఏడెనిమిది మీటర్లు గుండును కిందికి లాగేస్తుంది. అంటే రెండంతస్తుల మేడ ఎత్తు! అయితే ఇది అంత బెంగపడవలసిన సంగతి కాదు. భూమి లాగే లెక్క రోజుకొక విధంగా మారదు. అంతమేర పైకి గురిపెడితే సరిపోతుంది.

అసలు శత్రువు గాలి. గంటకు పది మైళ్ళ అడ్డగాలి వీస్తే, 190 గ్రెయిన్ల మాగ్నం గుండు కూడా అక్కడికి చేరేసరికి సుమారు రెండు మీటర్లు పక్కకు పోతుంది. పైగా గాలి ఒక్క తీరున వీచదు. ఇక్కడొక విధంగా, నడిమధ్యనొక విధంగా, గురి దగ్గర మరొక విధంగా వీస్తుంది. బరువైన గుండు అవసరం ఇక్కడే కనబడుతుంది. ఒక కాగితపు వుండనూ, అంతే లావున్న గోలీనీ ఒకే బలంతో విసిరి చూడండి. కాగితం నాలుగడుగులకే చతికిలబడుతుంది, గోలీ దూసుకుపోతుంది. లావు ఒకటే అయినప్పుడు బరువైనది గాలికి లొంగదు.

తేలిక గుండు తుపాకి నోటినుంచి బయలుదేరేటప్పుడు మహా జోరు. సెకనుకు మూడువేల అడుగులు దాటి పోతుంది. కాని దారిలో ఆ జోరు త్వరత్వరగా కరిగి, వెయ్యి గజాల నాటికి ధ్వని వేగం దగ్గరికి దిగజారుతుంది. ధ్వని వేగాన్ని దాటి దిగే ఆ గడియ గుండుకు గండం. అప్పుడు తొట్రుపడితే గురి చెదురుతుంది. బరువు గుండు నిదానంగా బయలుదేరినా, వున్న వేగాన్ని దాచుకుని, ఆ గండం రాకముందే గురి చేరుతుంది. .22 రైఫిలు పోటీల తూటాలు చేసేవారు మరో ఉపాయం పన్నారు. మొదటినుంచీ ధ్వని వేగానికి లోపలే వుండేలా తూటా కూర్చి, ఆ గండాన్నే తప్పించారు.

1857 లో తేలిన సంగతి

1857 అనగానే మనకు ఎన్‌ఫీల్డు తుపాకి తూటాకు పూసిన కొవ్వు, సిపాయిల తిరుగుబాటు, మన హైదరాబాదులో తుర్రెబాజ్ ఖాన్ రెసిడెన్సీ మీద చేసిన దాడి గుర్తుకొస్తాయి. సరిగ్గా ఆ ఏడే ఇంగ్లండులో అదే ఎన్‌ఫీల్డుకు మరో పరీక్ష జరిగింది.

మరమేకులకు చుట్ల కొలత ఏర్పరచిన ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్తు ఒక కొత్త రైఫిలు చేశాడు. ఎన్‌ఫీల్డు గుండు 530 గ్రెయిన్లు. విట్‌వర్తు గుండూ 530 గ్రెయిన్లే. రెండూ మూడు తులాలకు రవంత తక్కువ. తేడా ఎక్కడంటే, ఎన్‌ఫీల్డు గొట్టం .577 అంగుళాల లావు, విట్‌వర్తుది .451 అంగుళాలే. అంటే ఆయన అదే సీసాన్ని సన్నగా, పొడుగ్గా సాగదీశాడు. 500 గజాల దగ్గర ఎన్‌ఫీల్డు గుండ్లు సగటున రెండడుగులకు పైగా చెదిరితే, విట్‌వర్తువి అయిదంగుళాల లోపే పడ్డాయి. బరువులు ఒకటే అయినా ఇంత వ్యత్యాసం! వట్టి బరువు చాలదనీ, అది సన్నని ఒంట్లో ఇమిడినప్పుడే దూరానికి పనికివస్తుందనీ ఆనాడే తేలిపోయింది. 1860 లో వింబుల్డన్‌లో రైఫిలు పోటీలు ప్రారంభిస్తూ విక్టోరియా రాణి పేల్చిన మొదటి గుండు విట్‌వర్తు రైఫిలులోదే.

బొంగరం కథ

విట్‌వర్తు ఇంకొకటి కూడా మార్చాడు. రైఫిలు గొట్టం లోపల మరమేకు చుట్లలా గాళ్ళు తొలిచివుంటాయి. గుండు వాటిని పట్టుకుని గిరగిరా తిరుగుతూ బయటికి వస్తుంది. ఎన్‌ఫీల్డులో గుండు 78 అంగుళాలు సాగితేగాని ఒక చుట్టు తిరగదు. విట్‌వర్తు రైఫిలులో 20 అంగుళాలకే ఒక చుట్టు.

బొంగరం ఆడిన ప్రతి పిల్లవాడికీ ఇది తెలుసు. జోరుగా తిరిగినంతసేపూ బొంగరం నిటారుగా నిలుస్తుంది. జోరు తగ్గితే తూలి పడుతుంది. గుండు కూడా అంతే. అది పొడుగయినకొద్దీ నిలబెట్టడానికి ఎక్కువ చుట్లు కావాలి. ఎంత పొడుగుకు ఎంత చుట్టు అనే లెక్కను గ్రీన్‌హిల్ అనే గణిత పండితుడు 1879 లో సూత్రంగా కట్టాడు. ఈనాటి .300 మాగ్నం రైఫిళ్ళలో సాధారణంగా పది అంగుళాలకు ఒక చుట్టు వుంటుంది. సెకనుకు 2,900 అడుగుల వేగాన బయలుదేరిన గుండు ఆ గాళ్ళలోంచి వచ్చి సెకనుకు సుమారు 3,500 సార్లు తిరుగుతుంది!

కాబట్టి గుండు కొనేముందు అడగవలసిన మొదటి ప్రశ్న "ఎంత బరువు?" అని కాదు, "నా గొట్టానికి ఎంత చుట్టు?" అని. గొట్టం తిప్పగలిగినదానికంటె పొడుగు గుండు వేస్తే అది దారిలో పల్టీలు కొడుతుంది. అలాంటి గుండు గురికాగితానికి అడ్డంగా తగులుతుంది. గుండ్రని చిల్లి బదులు నిలువుగా చిరిగిన తాళంచెవి రంధ్రం లాంటి గాటు పడుతుంది. ఆ గాటు చూసిన తరువాత ఎవరి సలహా అక్కర్లేదు. ఆ గుండు ఆ తుపాకిది కాదు.

భుజం ఒప్పుకోవాలి

'మాగ్నం' అన్న మాట పెద్ద ద్రాక్షసారాయి సీసా పేరు. అదే లావు గుండుకు ఎక్కువ మందు పట్టే పెద్ద తూటా కనుక ఆ పేరు పెట్టారు. ఇంగ్లండులో హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ .375 మాగ్నం తూటాను 1912 లో తెచ్చింది. అది పెద్ద మృగాల వేటకు. ఆ తూటా వంశంలోనిదే .300 మాగ్నం, 1935 లో బెన్ కంఫర్ట్ అనే అమెరికన్ దానితో వెయ్యి గజాల వింబుల్డన్ కప్పు గెలిచాడు. ఆనాటి నుంచి దూరపు గురి ఆటలో మాగ్నానికి పీట వేశారు. విన్‌చెస్టర్ .300 మాగ్నం 1963 లో వచ్చింది.

వేటకూ గురికీ బరువు పని వేరు. ఆబిడ్స్‌కు ఆ పేరు రావడానికి కారకుడైన ఆల్బర్ట్ ఆబిద్, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దుస్తులు చూసుకునే కొలువులో వుండేవాడు. ఆ నిజాముకు పులివేట అంటే ప్రాణం. దగ్గరగా వచ్చిన మృగాన్ని నిలువరించడానికి వేటగాడికి బరువు గుండు కావలసివచ్చేది. ఆ వేటలన్నీ గతించిన కథలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వాటికి తెరపడింది. గురికాగితాన్ని నిలువరించేదేముంది? దానికి కావలసింది దెబ్బ కాదు, చెదరని వరస.

బరువు గుండు వేసినకొద్దీ తుపాకి వెనక్కి తన్నే తన్ను పెరుగుతుంది. ఒకటి రెండు పేల్చినప్పుడు అది తెలియదు. ముప్పై నలభై పేల్చేసరికి భుజం ముందుగానే జడుస్తుంది, కన్ను ముందుగానే మూసుకుంటుంది, వేలు మీటను నొక్కడం మాని గుంజుతుంది. లెక్కల్లో గాలిని గెలిచిన గుండు భుజం దగ్గర ఓడిపోతుంది. ఖర్చు కూడా తక్కువ కాదు. మాగ్నం మందు వేడికి గొట్టం వెయ్యి పైచిలుకు తూటాలకే అరిగి, గురి తగ్గడం మామూలు. అందుచేత తన గొట్టం తిప్పగలిగి, తన భుజం రోజంతా ఓర్చుకోగలిగిన బరువే ఎవరికైనా తగిన బరువు.

గురికాగితమే సాక్షి

ఇంతా చెప్పి, చివరకు ఎంచుకోవడం ఎలా? గొట్టం చుట్టు చూసి, దానికి సరిపడే రెండు మూడు బరువులు తీసుకోవాలి. ఒక్కొక్క రకంలో గుండ్లు సన్నని త్రాసులో తూచి, ఒకే తూకం వున్నవి విడిగా పెట్టాలి. ఒక రకానివి పదేసి చొప్పున ఒకే చోట గురిపెట్టి పేల్చి, చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో కొలవాలి. మూడు పేల్చి మురిసిపోతే మోసపోతాము. అదృష్టం మూడింటి వరకూ తోడువస్తుంది గాని పదింటి దాకా రాదు. నూరు గజాల దగ్గర గెలిచిన గుండు వెయ్యి గజాల దగ్గర గెలుస్తుందన్న నమ్మకం లేదు. కనుక ఆడవలసిన దూరంలోనే ఆఖరి పరీక్ష జరగాలి.

మన పిల్లలు మొదట పట్టేది మాగ్నం కాదు, పది మీటర్ల ఎయిర్ రైఫిలు. అయినా నీతి ఒకటే. ఆ రైఫిలులో వేసే చిన్న సీసపు గుళ్ళు 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లని తల కొలతలు వేరువేరుగా అమ్ముతారు. మిల్లీమీటరులో నూరోవంతు తేడా! పది మార్కుల చుక్క అడ్డకొలత అర మిల్లీమీటరు మాత్రమే. .22 రైఫిలు ఆడే మేటి క్రీడాకారులు ఇంగ్లండులోని ఈలీ, జర్మనీలోని లాపువా పరీక్షశాలలకు తమ రైఫిళ్ళు మోసుకుపోతారు. అక్కడ వాటిని పట్టుకొయ్యలో బిగించి, ఒకే పేరుతో ఒకే కార్ఖానాలో తయారైన తూటాలలోనే ఏ విడత తమ గొట్టానికి నచ్చిందో తేల్చుకుని, ఆ విడతే కొనుక్కుంటారు.

ఇంత తంటా దేనికంటారా? 2012 లండన్‌లో ఎయిర్ రైఫిలు పోటీ ముగిసేసరికి వెండి పతకానికి 701.5, మన నారంగ్‌కు 701.1. ఏడువందల మార్కుల మీద నాలుగు దశాంశాలు పతకం రంగు మార్చాయి. అంత సన్నని గీత మీద నడిచే ఆటలో, తూటా మీద వుంచకూడని అనుమానం ఒక్కటి కూడా వుండకూడదు.

కనుక పిల్లవాడు ఫలానా చాంపియన్ వాడే గుళ్ళే కావాలని మారాం చేస్తే, డబ్బాలకు డబ్బాలు కొనిపెట్టకండి. మూడు రకాలవి చిన్న పెట్టెలు మూడు తెప్పించి, కోచి ఎదుట అతని రైఫిలులోనే పేల్పించండి. చిల్లులు పడ్డ కాగితాల మీద తేదీ, రకం పేరు వేయించి, ఒక ఫైలులో భద్రపరచమనండి. లైసెన్సు కావలసిన తుపాకుల దాకా ఆట పెరిగితే, 1959 ఆయుధాల చట్టం ఏమి చెబుతున్నదో ముందుగా తెలుసుకుని మరీ అడుగు వేయండి. ఏ గుండు మంచిదన్న తగవు అంగట్లో తేలేది కాదు. ఆ ఫైలు తిరగేస్తే పిల్లవాడే మీకు చెబుతాడు.