చరిత్రమును విశేషముగా నెప్పుడు చదువవలెను?

పదవ తరగతి ముగియఁగనే ఇంటర్మీడియేటులో నే గ్రూపున చేరవలెనను ప్రశ్న పుట్టును. చరిత్రము, అర్థశాస్త్రము, పౌరశాస్త్రము గల హెచ్.ఇ.సి. గ్రూపు గణితము రానివారికే తగినదని కొందఱు తల్లిదండ్రులు తలంతురు. ఇది పొరపాటు. తేదీలను వల్లించి మంచి మార్కులు తెచ్చుకొనుటయు నా విద్యకుఁ జాలిన యోగ్యత కాదు.

బొబ్బిలి యుద్ధమును జూడుఁడు. 1757వ సంవత్సరమున ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువగు విజయరామరాజుతోఁ గూడి బొబ్బిలి కోటను ముట్టడించెను. ఈ వృత్తాంతమును ఆంగ్ల చరిత్రకారుఁడు రాబర్టు ఓర్మ్ గ్రంథస్థము చేసెను. మన జంగములు కథగాఁ బాడిరి. ఓర్మ్ ఆ యుద్ధమును గన్నులారఁ జూచినవాఁడు కాఁడు. కథకులో, బొబ్బిలివారి శౌర్యమునకు ముగ్ధులు. ఎవరిమాట యెంతవఱకు నమ్మఁదగును?

ఈ మాట వినఁగనే "పరీక్షలో నేది వ్రాయవలెను?" అని మాత్రమే యడుగు విద్యార్థి యింకను సిద్ధపడలేదు. అట్టివారు తొందరపడ నక్కఱలేదు, బి.ఏ. తరగతిలోనైనను చరిత్రము నెంచుకొనవచ్చును. బాలుఁడైనను బాలికయైనను, రెండు వృత్తాంతములను పోల్చి చూడఁగోరి, తన యభిప్రాయమును కారణములతో నొక పుట వ్రాయఁగలిగినచో సమయము వచ్చినట్లే. అప్పుడు తల్లిదండ్రులు అడ్డుపడకుందురుగాక. సత్యమును వెదకు నాసక్తి దేవుఁడిచ్చిన తలాంతు, దానిని పాతిపెట్టరాదు.